మూడు పిలుపులు

ఇరవై ఎనిమిది. ట్యాబు మీద వేలు ఆనించగానే ఎదురు గోడ మీది టీవీలో ఇరవై ఏడు చెరిగిపోయి ఇరవై ఎనిమిది పడింది, రెప్పపాటు కూడా పట్టలేదు, అలా పడడం చూస్తే చైత్రకు ఇప్పటికీ ఒళ్ళు ఝల్లుమంటుంది, తను రాసిందే కదా, ఇక్కడ నొక్కితే అక్కడ మారడం, ఈ స్క్రీన్ చెప్పిన మాట ఆ స్క్రీన్ వినడం, చెప్పుకుంటే ఇంతే విషయం, కానీ ఇంతే విషయానికి ఒక మనిషి ఉద్యోగం పోయింది, ఇంకో మనిషి కన్ను పోయింది, ఆ రెండూ పోగొట్టిన మహానుభావుడు అదిగో, తండ్రిని మూడో వరసలో స్తంభం వెనక కూర్చోబెట్టి, చెవికి తీగలు తగిలించుకుని, గాలితో మాట్లాడుకుంటూ వసారాలోకి పోతున్నాడు. తెల్ల చొక్కా. ఇస్త్రీ మడత కూడా నలగలేదు. పదకొండు నెలలుగా ఈ వీపును ఎన్నిసార్లు కలలో తన్నిందో చైత్రకే తెలుసు. ఇరవై తొమ్మిది, ముప్పై, ఆ తరవాత వాళ్ళది. ముప్పై ఒకటి, బేరిగై అశ్వత్థప్ప, వయసు డెబ్బై రెండు, రెండు కళ్ళూ. ట్యాబులో పేరు చూసినప్పుడే చెవులు వేడెక్కాయి.

ఈ గంట ఆమె అడిగి తెచ్చుకున్నది కాదు. నెలకోసారి హోసూరులో బస్సెక్కి కృష్ణగిరి వచ్చి, ఈ కంటాసుపత్రి టీవీనీ ట్యాబునీ చూసి పోవడమే ఆమె పని, ఆ పని ఎప్పుడో అయిపోయింది, సంచి భుజాన వేసుకునేసరికి కౌంటర్లో కూర్చునే రేణుకు బడి నుంచి ఫోను, పాపకు జ్వరమని. "అక్కా, ఒక్క గంట చూసుకోక్కా, డాక్టరమ్మ ఒంటిగంటకు ఊత్తంగరై క్యాంపుకు పోతారు, మళ్ళా వచ్చే శుక్రవారమే, ఆలోపల నలభై మందీ అయిపోవల్ల" అని ట్యాబు చేతిలో పెట్టి, మాస్కుల డబ్బా ముందుకు తోసి, గుమ్మం దాకా పోయినది వెనక్కి వచ్చి మరీ చెప్పింది. "నొక్కేది పెద్ద పని కాదు. మూడు పిలుపులు పిలవల్ల. అరవంలో ఒకసారి, తెలుగులో ఒకసారి, కన్నడంలో ఒకసారి. మూడిటికీ లెయ్యకపోతేనే 'రాలేదు' అనేది నొక్కల్ల." ఆ పద్ధతి ఇక్కడ టీవీ పుట్టకముందు నుంచీ ఉంది. కావేరిపట్నం వాళ్ళు మొదటి పిలుపుకే లేస్తారు, సూళగిరి వాళ్ళు రెండోదానికి, తళి వైపు అవ్వలు మూడోది పడేదాకా బెల్లం కొట్టిన రాళ్ళలా కూర్చుంటారు. ఇప్పటిదాకా చైత్ర బుద్ధిగానే పిలిచింది, ప్రతి నెంబరునూ మైకులో, అవసరమైతే మూడుసార్లూ, గొంతు పెట్టి, ఎవరినీ విడవకుండా. ఇరవై ఎనిమిదో ఆయన రెండో పిలుపుకు లేచాడు. గొడుగు మరిచిపోయి మళ్ళీ వెనక్కి వెళ్ళి తెచ్చుకున్నాడు. గాజు పలక అవతల అందరూ, ఇవతల తను, ముక్కూ నోరూ మూసుకుని, రెండు కళ్ళే బయటపెట్టుకుని.

ఇందాక ఆ తెల్ల చొక్కా రక్షిత్ ఈ గాజు ముందుకే వచ్చాడు, ఇరవై నాలుగు నడుస్తుండగా. తండ్రి ఫోను చూపించి "ముప్పై ఒకటి మేడమ్, ఇంకా ఏడు ఉంది కదా" అని, జవాబు కోసం ఆగకుండానే తిరిగాడు. చూడలేదు. మూడేళ్ళు పక్క కుర్చీలో కూర్చున్న మనిషి కళ్ళు రెండూ ఎదురుగా ఉంటే గుర్తుపట్టలేదు, వాడి తప్పు కాదు పాపం, తన కింద పనిచేసేవాళ్ళ మొహం చూసే అలవాటు వాడికి ఎన్నడుంది గనక. నర్సు వచ్చి ముసలాయన కళ్ళలో చుక్కలు వేసి పోయింది. కొడుకు ఆ ఫోనును తండ్రి అరచేతిలో పెట్టాడు. "కండ్లు మూసుకోనుండు నాయనా. దీంట్లో మన నెంబరు తెరిచిపెట్టినాను. ముప్పై ఒకటి పడిందా అని పక్కనోళ్ళని అడగతా ఉండు, పడితే నన్ను కేకెయ్యి. ఫోను మాత్రం తాకద్దు, ఏమన్నా అయిపోతుంది." ముసలాయన తలూపి, ఫోనును రెండు అరచేతుల్లో ప్రసాదంలా పట్టుకున్నాడు. అది చూసినప్పుడు చైత్రకు నవ్వు రావలసింది. రాలేదు, నవ్వు వచ్చే చోట ఏదో చేదు వచ్చింది, ఎందుకంటే సరిగ్గా అలా పట్టుకుంటారనే ఆమె ఆ రోజు నెత్తీ నోరూ కొట్టుకుని చెప్పింది.

కంపెనీ అంటే బాగలూరు రోడ్డులో మేడ మీద గది, ఏడుగురు మనుషులు, కింద బేకరీ, మధ్యాహ్నం మూడయ్యేసరికి బన్నుల వాసన మెట్లెక్కి వచ్చేది. చైత్ర రాసిన పద్ధతిలో అన్ని స్క్రీన్లూ ఒకే చోటును చూస్తూ ఉంటాయి, నర్సు ట్యాబు ఆ చోట నెంబరు మారుస్తుంది, అది మారిందో లేదో గోడ మీది టీవీ, జనం చేతుల్లోని ఫోన్లు అన్నీ వాటంతట అవే తెలుసుకుంటాయి, ఎవరూ ఎవరినీ లేపనక్కరలేదు. ఆసుపత్రిలో ఈ టీవీ మొదలుపెట్టే ముందురోజు సాయంత్రం రక్షిత్ దాన్ని చూసి పెదవి విరిచాడు. ఇంత గందరగోళం ఎందుకు, మనిషి స్క్రీన్ తెరిచినప్పుడు ఒకసారి నెంబరు తెచ్చి చూపిస్తే చాలదా, వెనక్కి పోయి మళ్ళీ వస్తే మళ్ళీ తెస్తుంది, అయిపోయె. టీం లీడ్ కదా, కొట్టేశాడు, తనకు తోచింది రాసేశాడు. "తెరిచిపెట్టుకోని అట్లే కూర్చునేవాళ్ళుంటారు రక్షిత్, తాకితే నెంబరు పోతుందని భయపడేవాళ్ళు, వాళ్ళకు పాతదే కనిపిస్తా ఉంటుంది" అంటే నవ్వాడు. "ఒకే స్క్రీన్‌ని అంతసేపు ఎవురు చూస్తారు చైత్రా?" ఆ గదిలో నిజమే, ఎవరూ చూడరు, ఒక్కొక్కడి బొటనవేలూ క్షణానికి నాలుగు స్క్రీన్లు తిప్పుతుంది, అందుకే వాళ్ళెవరికీ ఆ తప్పు ఎదురుపడలేదు. ఎదురుపడేది తనవాళ్ళకు. టీవీ సంగతి ఇంకా ఘోరం, గోడకు కొట్టిన టీవీని తాకేదెవరు, అది వెనక్కి పోయేదెక్కడికి, మళ్ళీ వచ్చేదెక్కడి నుంచి.

ఇరవై తొమ్మిది, ఇరువత్తి ఒంబదు అని అరవంలో అనగానే ఒక పిల్ల తాతను లేపుకుని వచ్చింది, సరే, లోపలికి పొండి. పద్నాలుగు. మొదలుపెట్టిన రోజు టీవీ పద్నాలుగు దగ్గర ఆగిపోయింది. గుమ్మానికి బంతిపూలు, కొబ్బరికాయ, డాక్టర్ హేమావతి చేతిలో కత్తెర, రిబ్బను, అందరికీ లడ్డూలు, ఆ తరవాత గంటా ఇరవై నిమిషాలు పద్నాలుగు. లోపల జనం పోతున్నారు, వస్తున్నారు, గోడ మాత్రం పద్నాలుగే అంటోంది. డెంకణికోట దాటి అడవి అంచు ఊరి నుంచి తెల్లారి బస్సుకు ఇంకో ముగ్గురు ఆడవాళ్ళను వెంటేసుకుని వచ్చిన చైత్ర అమ్మ తిమ్మమ్మ మూడో వరసలో కూర్చుని ఉంది, కుడికంట్లో పోటు, టోకెను ఇరవై రెండు. వచ్చింది కన్ను చూపించుకోవడానికే అయినా కంటి సంగతి ఆమెకు గుర్తులేదు, పక్కవాళ్ళందరికీ ఆ టీవీనే చూపిస్తోంది, మా పాప చేసినదది, మా పాప. గుసగుసలు అరుపులయ్యాయి, ఎవరో కుర్చీ తన్నారు, రేణుకు ఏడుపొక్కటే తక్కువ. అప్పుడు రక్షిత్ డాక్టరమ్మ ముందుకు వచ్చి, హాలంతా వినేలా, ఎంత నెమ్మదిగా అన్నాడని. "మేడమ్, తప్పు కంపెనీది కాదు. ఇది రాసిన పిల్ల గొర్రెలు కాసే ఇంటి నుంచి వచ్చింది. అట్లాంటోళ్ళకు లాప్‌టాప్ ఇస్తే ఇంతే." ఎవరో కిసుక్కున నవ్వారు. చైత్ర తలెత్తి ముందు చూసింది రక్షిత్‌ను కాదు, మూడో వరసను. అమ్మ చూపించే వేలు ఇంకా గాలిలోనే ఉంది, మెల్లగా ముడుచుకుంది, కొంగు లాగి తల మీద కప్పుకుంది, లేచింది, ముగ్గురు ఆడవాళ్ళూ వెనక లేచారు, పోయారు. కూతురు ఇక్కడుందని తెలిసీ కూతురి వైపు చూడకుండా పోయింది.

సాయంత్రం ఇంటికి పోతే, "డాక్టరమ్మకు పని పడిందంటనే పాప, ఇంకో పొద్దు చూసుకుందాం లే" అంది, ముద్ద కెలుకుతూ. అంతే. అమ్మ చెప్పలేదు, కూతురు అడగలేదు. కడుపులో పెట్టుకోవడమంటే ఏమిటో ఆ ఇంట్లో చూడాలి, ఒకే మాటను ఇద్దరూ చెరో కడుపులో పెట్టుకుని మూడు నెలలు ఎదురెదురుగా కూర్చుని తిన్నారు. కృష్ణగిరి పేరెత్తితే అమ్మ వేరే మాటలోకి పోయేది. చివరికి బలవంతాన హోసూరులో వేరే డాక్టరు దగ్గరికి లాక్కెళితే ఆయన టార్చి వేసి చూసి, కంటిలో ఒత్తిడి పెరిగి లోపలి నరం చచ్చిపోయిందమ్మా, ఒక మూడు నెలలు ముందు వచ్చుంటే మందులతో నిలిపేవాణ్ణి అన్నాడు. మూడు నెలలు. ఆ లెక్క చైత్ర వెయ్యనక్కరలేకపోయింది. సాయంత్రం గొర్రెలు దడిలోకి పోయేటప్పుడు వాకిట్లో నిలబడి మొహాలు చూసి, ఒక్కటి రాకపోయినా ఫలానాది రాలేదని చెప్పే మనిషి ఇప్పుడు ఒక్కొక్కదాని చెవి పట్టుకుని తడిమి చూసుకుంటోంది. ఎడమ కంటికి పొద్దూ సాయంత్రం చుక్కలు. ఉద్యోగం చైత్ర ఆ టీవీ ఆగిన వారమే వదిలేసింది, దానికి బాధ లేదు, డాక్టరమ్మ ఆ కంపెనీని పంపించేసి రేణు చేత ఫోను చేయించి, టీవీ నువ్వే బాగుచెయ్యి అని పిలిపించింది, అదీ మంచికే. టీవీనీ ట్యాబునీ చైత్ర తన పద్ధతిలో తిరగరాసింది. జనం ఫోన్లలోది మాత్రం ఆ కంపెనీ చేతిలోనే మిగిలింది, రక్షిత్ రాసింది రాసినట్టే. అంతా మంచికే, ఒక్క మాట తప్ప, ఒక్క కన్ను తప్ప. బస్సులో, పంపు కింద నీళ్ళు పోసుకుంటూ, కూరగాయలు తరుగుతూ ఎన్నెన్ని జవాబులు తయారుచేసుకుందో, వాడు ఇలా అంటే తను ఇలా అంటుంది, నలుగురిలో అంటుంది, కుక్క కాటుకు చెప్పు దెబ్బ అన్నట్టు అంటుంది. ఎదురుపడితే కదా అనడానికి.

మూడో పిలుపుకు లేచిన ముప్పైయో ఆమె లోపలికి పోయి వచ్చేసింది. ఇప్పుడు ముప్పై ఒకటి. చైత్ర వేలు నొక్కింది, టీవీలో ముప్పై ఒకటి పడింది, బుద్ధిగా, కచ్చితంగా. మైకు ముందుకు లాక్కుంది, నోరు తెరిచింది, తెరిచిన నోట్లోంచి మాట రాలేదు. రానివ్వలేదు. హాలులో జనం టీవీ చూసి ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు, ముప్పై ఒకటి ఎవరో వాళ్ళకేం తెలుసు. టీవీ కనపడని ఆ స్తంభం వెనక ముసలాయన పక్కనున్న మనిషి మోకాలు తట్టాడు. "ఏమన్నా పడిందా అప్పా, కొంచిం చూడు." ఆ మనిషి వంగి ఫోనులోకి చూశాడు. "ఇరవై నాలుగు తాతా." "ఓ, ఇంకా టైముంది." ఇంత సుళువా అనిపించింది చైత్రకు. తను చెయ్యవలసిందేమీ లేదు. వాడు రాసిన స్క్రీనే వాడి తండ్రి చేతిలో ఉంది, ఇరవై నాలుగు దగ్గర కళ్ళు తేలేసి, ఒకే స్క్రీన్‌ని అంతసేపు ఎవరు చూస్తారు రక్షిత్, ఇదిగో చూడు, మీ నాయన చూస్తున్నాడు, ఆయన కూడా కాదు, పక్కవాళ్ళు చూసిపెడుతున్నారు. తను నోరు మూసుకుంటే చాలు. చెయ్యడానికి కూడా నేరమేమీ లేదు, పిలిచాను రాలేదు అంటే ఎవరు కాదంటారు. తవ్విన గోతిలో వాడే పడుతున్నప్పుడు చెయ్యి అందించమని ఏ శాస్త్రంలో ఉంది? ఒంటిగంటకు డాక్టరమ్మ కారెక్కుతుంది, బేరిగై దొర కొడుకు తండ్రిని చెయ్యి పట్టుకుని నడిపించుకుంటూ ఉత్త చేతులతో బస్టాండుకు, కాదులే, కారు ఉంటుంది, కారుకే పోనీ, ఉత్త చేతులతో పోవాలి, అమ్మ పోయినట్టు పోవాలి. వేలు 'రాలేదు' మీద పడింది. ముప్పై ఒకటి బూడిద రంగులోకి మారి అడుక్కు జారిపోయింది. ముప్పై రెండు. ఈసారి గొంతు ఎత్తి, మూడు భాషల్లోనూ, గంట కొట్టినట్టు పిలిచింది.

తియ్యగా ఉంది. అబద్ధం ఎందుకు, బెల్లంపాకం అడుగంటకముందు వేలితో తీసి నాకినంత తియ్యగా ఉంది. ముప్పై మూడు. ముప్పై నాలుగు. వసారాలో రక్షిత్ అటూ ఇటూ పచార్లు చేస్తూ ఎవరికో ఏదో నచ్చచెబుతున్నాడు, చేతులు ఊపుతున్నాడు, ఒకసారి కిటికీలోంచి తండ్రి వైపు చూసి, తండ్రి కదలకుండా కూర్చున్నాడని తృప్తిపడి మళ్ళీ తిరిగాడు. ముప్పై అయిదు. కదలకుండా కూర్చోవడం ఆ ముసలాయనకు మొదటి నుంచీ అలవాటే, చేను గట్టు మీద తువ్వాలు పరుచుకుని అలాగే కూర్చునేవాడు, రాగి కోత అయ్యాక, చైత్ర నాయన హనుమంతయ్య మంద డెంకణికోట వైపు నుంచి మెల్లగా మేసుకుంటూ బేరిగై చేరే రోజుల్లో. ఆ చేలో పది రోజులు మంద పెట్టేవాళ్ళు, గొర్రెలు పడుకున్న చోటు మరుసటేడు నల్లగా పండేది, ఎరువు వాళ్ళది, మేత వీళ్ళది, ఇంకా రాగులో అలసందలో కొలిచి ఇచ్చేవాళ్ళు. చైత్రకు ఏడో ఎనిమిదో ఏళ్ళు. సైకిలు మీద ఒక పిల్లాడు ముక్కు మూసుకుని చేను చుట్టూ తిరిగేవాడు. వాడే వీడు, ముక్కు అప్పుడే మూసుకున్నాడు. ముప్పై ఆరు, ముప్పత్తి ఆరు, మూవత్తారు. పొద్దు గుంకే ముందు అమ్మ దడి వాకిట్లో నిలబడేది, ఒక్కొక్క గొర్రె వీపు మీద చెయ్యి ఆనించి లోపలికి తోసేది, అంకెలు అమ్మకు రావు, మొహాలే. ముసలాయన గట్టు మీద నుంచే అడిగేవాడు, ప్రతి సాయంత్రం, ఒక్కరోజు విడవకుండా, తన గొర్రెలైనట్టు. "తిమ్మమ్మా, అన్నీ వచ్చినాయా?" అమ్మ వెంటనే చెప్పదు, చివరి గొర్రె తోక లోపలికి పోయేదాకా చెప్పదు. వచ్చినాయప్పా అనేది. ఒక్కసారి మాత్రం, లేదప్పా, ఒకటి తక్కువ అంది, ఎర్రచెవి పిల్ల, అంతే, ఆ ముసలాయన తువ్వాలు దులిపి తలకు చుట్టుకుని, అప్పటికి ముసలాయన కాదు, నాయనతో పాటు వాగు దాకా పోయి ముళ్ళపొదలో చిక్కుకున్నదాన్ని చంకన పెట్టుకుని వచ్చాడు. ఇదంతా ఇప్పుడెందుకు. వాడి మీద కోపం వాడి మీద. తండ్రి మంచివాడైతే కొడుకు అన్న మాట మంచిదవుతుందా, అమ్మ కన్ను వెనక్కి వస్తుందా. ముప్పై ఏడు. ఆయన కళ్ళు కూడా, ట్యాబులో రాసుంది, రెండు కళ్ళూ, ఒత్తిడి చూడాలి అని. ఆ మాట ఇందాకే చదివింది. చదివినట్టు తనకు తనే ఒప్పుకోలేదు.

ముప్పై ఎనిమిది. గడియారంలో పన్నెండూ నలభై అయిదు. ఒక వారం ఆలస్యమైతే ఏమవుతుంది, వారమే కదా, ఇంకెక్కడైనా చూపించుకుంటారు, కలిగినవాళ్ళు, బెంగళూరు ఎంత దూరం, జూజువాడి దాటితే బెంగళూరే. అమ్మకు ఎవరన్నా అలా లెక్కవేశారా? వెయ్యలేదు. మరి తనెందుకు వెయ్యాలి. వెయ్యదు. ముప్పై తొమ్మిదో నెంబరు కుర్రవాడు మొదటి పిలుపుకే పరుగెత్తుకొచ్చాడు. ఇక మిగిలింది ఒక్క పేరు. స్తంభం వెనక ముసలాయన పక్క మనుషులు మారిపోయారు, కొత్తగా కూర్చున్నామెను అడుగుతున్నాడు, ఆమె కూడా వంగి చూసి అదే మాట చెప్పింది, ఆయన అదే తలూపుడు ఊపాడు. ఫోను మాత్రం రెండు చేతుల్లోంచి కదలలేదు. బల్ల మీద లోపలి ఫోను మోగింది.

"చైత్రా, ఇంకొకరేగా ఉండేది? మిగతా అందరూ వచ్చినారా?" అని అడిగింది డాక్టర్ హేమావతి.

జవాబు ఆమె ఆలోచించి చెప్పలేదు. వచ్చేశారు మేడమ్ అన్న మాట నాలుక చివరే పెట్టుకుంది, గంట నుంచి దాన్ని అక్కడే నానబెట్టుకుంది. అయితే ఆ ప్రశ్న అలా అడిగితే ఆ ఇంట్లో పుట్టినవాళ్ళ నోరు ఆగి, వెనక్కి తిరిగి, చివరి తోక దాకా చూసుకుని గాని తెరుచుకోదు.

"లేదు మేడమ్," అంది. "ఒకరు తక్కువ."

చెప్పాక తన గొంతు తనకే వినిపించి ఒళ్ళు మండింది, వాడి మీద కాదు, తన మీద, ఇంత దూరం వచ్చి చెయ్యి జార్చుకున్నందుకు. సరే, జారింది. అయితే పిలుపు మాత్రం ఊరికే పోదు. అడుక్కు జారిన పేరును పట్టుకుని పైకి లాగింది, తప్పిపోయినవాళ్ళు తిరిగి వస్తే లోపలికి తీసుకునే బటనొకటి ఆమె పెట్టుకుని ఉంది, ఎందుకది దండగ అని రక్షిత్ ఒకప్పుడు నవ్వింది దాన్ని చూసే. టీవీలో ముప్పై తొమ్మిది పోయి ముప్పై ఒకటి పడింది. మైకు దగ్గరికి లాక్కుంది.

"ముప్పత్తి ఒణ్ణు. ముప్పై ఒకటి. మూవత్తొందు. బేరిగై అశ్వత్థప్ప."

ముసలాయన గతుక్కుమని లేచాడు. "ఈడుండానమ్మా. దీంట్లో ఇంకా ఇరవై నాలుగే అంటా ఉండారే."

పేరు వసారాలోకి కూడా వినిపించింది. రక్షిత్ చెవి తీగలు పీక్కుంటూ వచ్చాడు, టీవీ చూశాడు, గోడ గడియారం చూశాడు, గాజు మీద వేళ్ళతో టకటక కొట్టాడు. "ఏం మేడమ్ ఇది? జనమంతా అయిపోయినాక ముప్పై ఒకటా? ఎవురు మేడమ్ దీన్ని రాసింది?"

పదకొండు నెలలుగా తయారుచేసుకున్న జవాబుల్లో ఒక్కటీ ఈ ప్రశ్నకు కాదు. వాడే అడుగుతాడని ఎవరనుకున్నారు. చైత్ర మాస్కు కిందికి లాగింది. మైకు మీది ఎర్ర దీపం వెలుగుతూనే ఉంది, ఆర్పలేదు.

"గోడ మీదుండేది నేను రాసినాను రక్షిత్. అది సరిగ్గానే నడస్తా ఉంది. మీ నాయన చేతిలో ఉండేది నువ్వు రాసినావు. ఇరవై నాలుగులో నిలిచిపోయిందే, అది."

రక్షిత్ మొహంలో గుర్తుపట్టడం మెల్లగా పైకి వచ్చింది, తీరా వచ్చాక ఎక్కడ దాచుకోవాలో తెలియలేదు. ముసలాయన గొంతు వచ్చిన వైపుకు మొహం తిప్పాడు, చుక్కలతో నల్లగా విచ్చుకున్న కళ్ళు దేన్నీ పట్టుకోలేకుండా ఉన్నాయి.

"ఎవురమ్మా నువ్వు?"

"డెంకణికోట హనుమంతయ్య కూతురినప్పా. మీ చేన్లో మంద పెడతా ఉంటిమి." ఇక్కడ ఆగవచ్చు. ఆగదలుచుకోలేదు. "పోయిన ఏడు మీ కొడుకు ఇదే చోట, మా అమ్మ కూర్చోనుండంగా, ఇంతమంది ముందర ఒక మాట చెప్పినాడు. గొర్రెలు కాసే ఇంటోళ్ళకు లాప్‌టాప్ ఇస్తే ఇంతే అని. మా అమ్మ కన్ను చూపించుకోకుండా లేచి పోయింది. ఆ కన్ను పోయిందప్పా. గొర్రెలు కాసే ఇంటోళ్ళం కాబట్టే ఇప్పుడు ఒకరు తక్కువని చెప్పినాను. లేకుంటే మీ కొడుకు రాసిన నెంబరు పట్టుకోని మీరు సాయంత్రం దాకా ఈడనే కూర్చోనుందురు."

మైకులోంచి వచ్చిన మాటలు గోడలకు తగిలి తిరిగి వచ్చాయి. ముసలాయన తల తిప్పాడు. "నిజమేనా రా?" అన్నాడు, కొడుకు ఎటున్నాడో తెలియక నేల వైపు చూస్తూ.

"అది కాదు నాయనా, ఆ పొద్దు ఏదో టెన్షన్‌లో..." అని రక్షిత్ నడిపించడానికి చెయ్యి చాపాడు. ఆ చెయ్యి తగలగానే ముసలాయన దాన్ని తడిమి తెరిచి, అందులో ఫోను పెట్టి, వేళ్ళు మూశాడు. "దీన్ని నువ్వే పట్టుకో" అన్నాడు. రెండో చెయ్యి గాజు వైపు, గాలిలోకి చాపాడు. "నువ్వు రా తల్లీ, నన్ను లోపలికి తీసకపో."

చైత్ర తలుపు తీసుకుని బయటికి వచ్చి ఆ చెయ్యి పట్టుకుంది. రక్షిత్ పక్కకు తప్పుకున్నాడు, ఇస్త్రీ చొక్కా స్తంభానికి రాసుకుని సున్నం అంటుకుంది, అదీ చూసింది ఆమె, చూసి దాచుకుంది, ఇంటికి పోయాక అమ్మకు చెప్పాలి, ఈ పూట అన్నీ చెప్పాలి, ముందు నుంచీ చెప్పాలి. డాక్టరు గది దాకా పన్నెండు అడుగులు. అరచెయ్యి గరుకుగా, వెచ్చగా ఉంది. గెలిచినట్టే ఉంది, పూర్తిగా గెలిచినట్టే. తలుపు దగ్గర ముసలాయన ఆగాడు, వెనక కొడుకుకు వినపడనంత మెల్లగా, కోపం లేకుండా అన్నాడు.

"మీ అమ్మ ఒక్క గొర్రెనీ విడవకుండా చూసుకునేదని చెప్పుకుంటా ఉంటాము మా ఇంట్లో. నాకు కండ్లే తల్లీ కనపడనిది, చెవులు బాగుండాయి. ముప్పైని మూడుసార్లు పిలిచినావు. ముప్పై రెండును మూడుసార్లు పిలిచినావు. ఫోనులో ఇరవై నాలుగే అంటా ఉంటే అది ఇంకో వరసేమో అనుకుంటి. నడమ నన్ను పిలవలేదు."

ఆయన ఆమె చేతి మీద రెండుసార్లు తట్టాడు, తలుపు తోసుకుని, గడప పాదంతో వెతుక్కుని లోపలికి పోయాడు. తలుపు దానంతటదే మూసుకుంది.

ఆమె తిరిగి వచ్చి కుర్చీలో కూర్చుంది. అవతల రక్షిత్ తండ్రి కూర్చున్న చోట కూర్చుని ఫోను వంక చూస్తున్నాడు, వేలితో ఒకసారి వెనక్కి పోయి మళ్ళీ వచ్చాడు, ఇప్పుడు అందులో సరైన నెంబరే ఉండి ఉంటుంది. కాసేపటికి లోపలి నుంచి గంట మోగింది. చైత్ర నొక్కింది, టీవీ మారింది, మైకు దగ్గరికి లాక్కుంది.

"నాప్పదు," అంది అరవంలో, నలభైకి మొదటి పిలుపు. మిగిలిన ఒక్క ముసలామె వెంటనే లేచి, సంచి తీసుకుని గాజు ముందుకే వచ్చేసింది. చైత్ర ఆమె మొహం చూసింది. చూసి, మిగతా రెండు పిలుపులు కూడా పిలిచింది.